ఆఫీసులో పది సిస్టమ్స్, ఇరవై లైసెన్సులు: ఏ కీ ఎక్కడుందో లెక్క తప్పకుండా పెట్టుకోవడం ఎలా?

హార్డ్ డిస్క్ పోయిందనో, సిస్టమ్ నెమ్మదించిందనో ఫార్మాట్ కొట్టిస్తారు. విండోస్ బాగానే ఎక్కుతుంది. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. ఎంఎస్ ఆఫీస్ కీ (లైసెన్సుతో వచ్చే అక్షరాలు, అంకెల కోడు) అడుగుతుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. యాంటీవైరస్ ఏమో ఈ లైసెన్సు ఇప్పటికే వేరేచోట వాడుతున్నారంటుంది. అన్నీ డబ్బులు పెట్టి కొన్నవే. కానీ కీ ఎక్కడ రాసుకున్నారో, ఏ మెయిల్ మీద రిజిస్టర్ చేశారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. "ఇప్పుడు ఆ కీ ఎలా దొరుకుతుంది?" అని నన్ను అడగని నెల లేదు. అందుకే ఫార్మాట్‌కి ముందే ఏం చేసి పెట్టుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులు, డీటీపీ సెంటర్లు, స్కూలు ల్యాబులు, రెండు మూడు బ్రాంచీలున్న షాపులు, అంటే 3 నుంచి 25 సిస్టమ్స్ దాకా ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది. ఇంట్లో రెండు లాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు 1, 4, 5 మెట్లు చేసుకుంటే చాలు.

ఒక్క మాట ముందే చెప్పాలి. కీ ఒక్కటే రాసుకుంటే పని అవదు. ప్రతి లైసెన్సుకూ నాలుగు విషయాలు కలిపి ఉండాలి: కీ లేదా సీరియల్ నంబరు, అది రిజిస్టరైన మెయిల్ ఐడీ, కొన్న బిల్లు, ఎక్కించిన సిస్టమ్. ఈ నాలుగింటిలో జనం పట్టించుకోనిది మెయిల్ ఐడీ. ఈ రోజుల్లో కీ కన్నా అదే ముఖ్యం.

కావాల్సినవి

- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ
- ఒక పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు, కీలు తాళం వేసి దాచే సాఫ్ట్‌వేర్; కీపాస్, బిట్‌వార్డెన్ రెండూ ఉచితంగా దొరుకుతాయి)
- ఫోన్ కెమెరా
- తెల్ల స్టిక్కర్లు, చెరగని మార్కర్
- ప్రతి సిస్టమ్‌కీ అడ్మిన్ పాస్‌వర్డ్
- పాత బిల్లుల ఫైలు, సాఫ్ట్‌వేర్ డబ్బాలు, స్క్రాచ్ కార్డులు
- స్టాఫ్ లేని ఒక పూట. ఆదివారం మంచిది. మధ్యలో "సార్, ఒక్క ప్రింటు" అని లేపితే కచ్చితంగా ఒకటి మర్చిపోతారు.

1. లైసెన్సుల కోసమే ఒక మెయిల్ ఐడీ పెట్టండి

ఎవరి సొంత మెయిలూ వద్దు. ఓనర్ గారిది కూడా వద్దు. ఆఫీసు పేరుతో ఒక మెయిల్ తెరిచి, సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లన్నీ దాని మీదే పెట్టండి.

సాధారణంగా జరిగేది వేరు. సాఫ్ట్‌వేర్ అమ్మిన షాపు కుర్రాడు తొందరలో తన మెయిల్ కొట్టేస్తాడు, లేదా అప్పటి అకౌంటెంట్ తన జీమెయిల్ ఇస్తాడు. రెండేళ్లకు అకౌంటెంట్ ఉద్యోగం మారతాడు, ఫోన్ నంబరూ మారుస్తాడు. సాఫ్ట్‌వేర్‌ని కొత్త సిస్టమ్‌కి మార్చబోతే ఓటీపీ ఆయన మెయిల్‌కి వెళ్తుంది. పొలం మీదే, పాసు పుస్తకం మాత్రం ఇంకొకరి పేరున ఉన్నట్టు ఉంటుంది పరిస్థితి.

ఈ మెయిల్ విషయంలో జాగ్రత్తలు:

- రికవరీ ఫోన్‌గా ఓనర్ ఎప్పుడూ వాడే నంబరే ఇవ్వండి. పక్కన పడేసిన పాత సిమ్ ఇవ్వొద్దు. రీఛార్జ్ లేక ఆ నంబరు మూతపడితే అది ఇంకొకరికి వెళ్లిపోతుంది.
- టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను ప్రింటు తీసి బీరువాలో పెట్టండి.
- నెలకోసారి లాగిన్ అవ్వండి. రెండేళ్ల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు. లైసెన్సుల కోసమే తెరిచిన మెయిల్‌ని ఎవరూ తెరిచి చూడరు కాబట్టి దీనికే ఆ ప్రమాదం ఎక్కువ.

ఇప్పటికే ఇతరుల మెయిళ్ల మీద ఉన్నవాటిని వాళ్లు మీతో మంచిగా ఉన్నప్పుడే మార్పించుకోండి. ఉద్యోగం మానేసే రోజు చివరి జీతం లెక్కలతో పాటు ఈ పనీ చూసుకోవాలి.

2. ప్రతి సిస్టమ్‌కీ ఒక పేరు, ఒక స్టిక్కర్

"రమణ సిస్టమ్", "కిటికీ పక్కది" లాంటి పేర్లు లెక్కకు పనికిరావు. మనుషులు కుర్చీలు మారతారు, సిస్టమ్స్ టేబుళ్లు మారతాయి. పీసీ01, పీసీ02, లాప్01 అని పెట్టండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే పేరు మార్చే బటన్ ఉంటుంది. పేరు 15 అక్షరాలు దాటకూడదు, స్పేస్ ఉండకూడదు. మార్చాక రీస్టార్ట్ చేయండి.

అదే పేరు స్టిక్కర్ మీద రాసి సీపీయూ ముందువైపు అంటించండి. పక్క ప్యానెల్ మీద వద్దు, సర్వీసుకి విప్పినప్పుడు అది పక్క సిస్టమ్‌కి వెళ్లిపోవచ్చు. లాప్‌టాప్ అయితే అడుగున ఉండే కంపెనీ సీరియల్ నంబరును ఫొటో తీసుకోండి.

జాగ్రత్త: నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ప్రింటరు గానీ, అకౌంట్స్ డేటా ఫోల్డరు గానీ ఆ సిస్టమ్‌లో ఉంటే, పేరు మార్చగానే మిగతా సిస్టమ్స్‌కి దారి తెగిపోతుంది. అలాంటి సిస్టమ్ పేరు మార్చకండి. ఉన్న పేరునే షీటులో రాసుకుని, స్టిక్కర్ మీద కూడా అదే రాయండి.

3. షీటు తయారు చేయండి, కానీ ముందు కాలమ్‌ని టెక్స్ట్ చేయండి

రెండు షీట్లు చాలు.

మొదటిది "సిస్టమ్స్": పేరు, కంపెనీ సీరియల్ నంబరు, ఎక్కడుంది, కొన్న తేదీ, విండోస్ ఎడిషన్.

రెండోది "లైసెన్సులు": సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, కీలో చివరి 5 అక్షరాలు, రిజిస్టరైన మెయిల్, ఎన్ని సిస్టమ్స్‌కి అనుమతి, ఇప్పుడు ఏ సిస్టమ్‌లో ఉంది, కొన్న తేదీ, గడువు తేదీ, బిల్లు నంబరు, ఎవరి దగ్గర కొన్నారు. ఒకే లైసెన్సు మూడు సిస్టమ్స్‌కి పనికొస్తే మూడు వరసలు రాయండి. ఒకే గడిలో "పీసీ01, పీసీ04, పీసీ05" అని ఇరికిస్తే తర్వాత వెతకడం, లెక్కపెట్టడం రెండూ కష్టమే.

షీటులో పూర్తి కీ రాయకండి. చివరి 5 అక్షరాలు గుర్తుపట్టడానికి చాలు. పూర్తి కీ ఎక్కడ పెట్టాలో 9వ మెట్టులో చెబుతాను.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎక్సెల్ అంకెల్లో మొదటి 15 మాత్రమే నిలబెట్టుకుంటుంది. మీ సీరియల్ నంబరు 482915037716420953 అనుకోండి. మామూలు గడిలో కొట్టగానే 4.82915ఈ+17 అని చూపిస్తుంది. గడి వెడల్పు చేసి ఫార్మాట్ మార్చితే 482915037716420000 అని వస్తుంది. చివరి మూడు అంకెలు పోయినట్టే, మళ్లీ రావు. ముందు సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి: 0047 అని కొడితే 47 మిగులుతుంది. అందుకని టైపు చేయకముందే ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి ఫార్మాట్‌ని "టెక్స్ట్" చేయండి. టైపు చేశాక టెక్స్ట్‌గా మార్చితే పోయిన అంకెలు తిరిగిరావు. గూగుల్ షీట్స్‌లోనూ ఇదే సమస్య, ఇదే మందు.

ఫాంట్ కూడా కన్సోలాస్ పెట్టుకోండి. అందులో సున్నాకీ, ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా కంటికి కనిపిస్తుంది.

4. విండోస్: ఏ రకం లైసెన్సో ముందు తెలుసుకోండి

ప్రతి సిస్టమ్ దగ్గరా కూర్చుని ఇలా చేయండి.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషులో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అక్షరాలు కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ముందుకు వాలిన గీత (స్లాష్), దాని వెంటనే డీ, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. కాసేపటికి ఒక విండో వస్తుంది. అందులో డిస్క్రిప్షన్ వరస చివర లైసెన్సు రకం, కింద కీ చివరి 5 అక్షరాలు ఉంటాయి. ఫొటో తీసుకోండి.

అక్కడ ఓఈఎం అని ఉంటే లాప్‌టాప్‌తో పాటు వచ్చిన లైసెన్సు. విండోస్ 8 కాలం నుంచి బ్రాండెడ్ మెషీన్లలో కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ ఎక్కిస్తే అడగకుండానే తీసుకుంటుంది. దీన్ని వేరే సిస్టమ్‌కి మార్చడానికి లేదు. షీటులో "బోర్డులో ఉంది" అని రాస్తే సరి.

రిటైల్ అని ఉంటే రెండు అర్థాలు. విడిగా కొన్న లైసెన్సు కావచ్చు, దీన్ని పాత సిస్టమ్‌లోంచి తీసి కొత్తదానికి మార్చుకోవచ్చు. లేదా డిజిటల్ లైసెన్సు కావచ్చు. చివరి 5 అక్షరాలు 3వీ66టీ (ప్రో) గానీ, 8హెచ్‌వీఎక్స్7 (హోమ్) గానీ అయితే అది మైక్రోసాఫ్ట్ అందరికీ వాడే జెనరిక్ కీ. మీ సొంత కీ కాదు. పది సిస్టమ్స్‌లోనూ అదే కీ కనబడి, "ఒక్క కీతోనే అన్నీ నడుస్తున్నాయి, షాపువాడు మోసం చేశాడు" అని గాభరా పడినవాళ్లు ఉన్నారు. గాభరా అక్కర్లేదు. దాన్ని రాసి పెట్టుకున్నా ఉపయోగం లేదు. ఇలాంటి సిస్టమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ తెరిచి, 1వ మెట్టులోని మెయిల్‌తో చేసిన మైక్రోసాఫ్ట్ ఖాతాకి లైసెన్సును కలపండి. కలిశాక అక్కడే "మైక్రోసాఫ్ట్ ఖాతాకి లింకైన డిజిటల్ లైసెన్సు" అనే అర్థంలో వాక్యం కనిపిస్తుంది. రేపు మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పుకోవడానికి ఈ లింకే ఆధారం. ఓఈఎం లైసెన్సుకి మాత్రం ఆ ఆశ పెట్టుకోకండి.

వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్ అని రెండూ కలిసి ఉంటే ఆగి ఆలోచించండి. అది కాలేజీలు, పెద్ద కంపెనీలు తమ సర్వర్ పెట్టుకుని వాడే పద్ధతి. నాలుగు సిస్టమ్స్ ఉన్న ఆఫీసులో అది కనిపించిందంటే ఎవరో క్రాక్ వేసినట్టే. ఇందాకటి కమాండ్‌లోనే చివరి మూడు అక్షరాలకు బదులు ఎక్స్, పీ, ఆర్ కొట్టి చూడండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని కాకుండా ఒక తేదీ చూపిస్తే అనుమానం బలపడుతుంది. కేఎంఎస్ యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది, ఆలోగా మళ్లీ కొత్తది చేసుకోవాలి. ఆ పని చేసిపెట్టే క్రాక్ టూల్ మీ సిస్టమ్‌లో అడ్మిన్ హక్కులతో తిరుగుతూ ఉంటుంది, ఇంకేం చేస్తోందో మీకు తెలియదు. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు లాగిన్లు చేసే సిస్టమ్‌లో దాన్ని ఉంచకండి. చట్టం సంగతి కూడా తెలుసుకోండి: తెలిసి దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం, 1957లోని 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.

పాత సిస్టమ్ వెనక విండోస్ 7 స్టిక్కర్ ఉందని ధీమాగా ఉండకండి. ఆ కీతో 10, 11 యాక్టివేట్ చేసే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అసలు లైసెన్సున్న 10ని అదే సిస్టమ్‌లో 11కి మార్చుకోవడానికి, ఆ సిస్టమ్ తట్టుకునేదైతే, కొత్త కీ కొనక్కర్లేదు. "11కి వేరే కీ కావాలి" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

5. ఎంఎస్ ఆఫీస్: ఎవరి ఖాతా మీద ఉందో చూడండి

ఎక్సెల్ తెరిచి ఫైల్, అకౌంట్ నొక్కండి. ఏ వెర్షనో, ఎవరి మెయిల్‌కి చెందిందో ("బిలాంగ్స్ టు" అనే చోట) ఉంటుంది. ఆ రెండూ షీటులోకి ఎక్కించండి.

ఇప్పటి ఆఫీస్‌లలో పూర్తి కీ సిస్టమ్‌లో ఉండదు, చివరి 5 అక్షరాలే ఉంటాయి. అందుకని ఎంత మంచి కీ ఫైండర్ (సిస్టమ్‌లో ఉన్న కీని వెతికి చూపించే టూల్) వాడినా పూర్తి కీ రాదు. డబ్బాలోని కార్డు మీది 25 అక్షరాల కీ ఒక్కసారే పనికొస్తుంది. దాన్ని వెబ్‌సైట్‌లో కొట్టగానే లైసెన్సు ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాకి అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎప్పుడు ఫార్మాట్ చేసినా ఖాతాలోకి లాగిన్ అయి ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కార్డు మీది కీకీ, తర్వాత ఖాతాలో చూపించే కీకీ పొంతన ఉండకపోవచ్చు. అది తప్పు కాదు.

ఒకే ఖాతా మీద ఐదారు ఆఫీస్ లైసెన్సులు పెడితే ఇంకో చిక్కు వస్తుంది. ఖాతా పేజీలో అన్నీ ఒకే పేరుతో వరసగా కనిపిస్తాయి, ఏది ఏ సిస్టమ్‌దో తెలియదు. పరిష్కారం రోజుకొకటి చొప్పున రిజిస్టర్ చేయడం. కొన్న తేదీని బట్టి గుర్తుపట్టొచ్చు. ఒకేరోజు చేయాల్సి వస్తే, ఒకటి రిజిస్టర్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, చివరి 5 అక్షరాలు షీటులో రాశాకే రెండోది మొదలుపెట్టండి.

లాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చే ఆఫీస్‌కి కార్డు ఉండదు. మొదటిసారి వర్డ్ తెరిచి ఏ మెయిల్‌తో లాగిన్ అయితే దానిదే అవుతుంది. యాక్టివేట్ చేసుకోవడానికి గడువు కూడా ఉంటుంది కాబట్టి కొన్న వారంలోనే చేసేయండి. షాపులో "మేం సెట్ చేసి ఇస్తాం సార్" అంటే, మెయిల్ మీరే కొట్టండి. మరో విషయం: "హోమ్ అండ్ స్టూడెంట్" ఎడిషన్ ఇంటి వాడకానికే. ఆఫీసుకి "హోమ్ అండ్ బిజినెస్" తీసుకోవాలి.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకు కీ గొడవ లేదు. ఒక మనిషి ఒకేసారి 5 డివైజ్‌లలో లాగిన్ అయి ఉండొచ్చు. గడువు తేదీ, డబ్బు ఏ కార్డు నుంచి కడుతున్నారో రాసుకుంటే చాలు.

6. టాలీ

టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి అబౌట్ తెరవండి. సీరియల్ నంబరు, ఎడిషన్, టీఎస్ఎస్ (టాలీ అప్‌డేట్లు, సేవల కోసం విడిగా కట్టే సబ్‌స్క్రిప్షన్) గడువు రాసుకోండి. సిల్వర్ అయితే ఒక సిస్టమ్‌కి, గోల్డ్ అయితే ఒకే నెట్‌వర్క్‌లో చాలామందికి. టీఎస్ఎస్ గడువు ముగిసినంత మాత్రాన టాలీ ఆగిపోదు, కొత్త వెర్షన్లు, రిమోట్ యాక్సెస్ లాంటి ఆన్‌లైన్ సేవలు రావంతే. "టీఎస్ఎస్ కట్టకపోతే డేటా పోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

సిస్టమ్ మార్చే ముందు ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్‌లోకి వెళ్లి లైసెన్సును సరెండర్ చేయాలి, అంటే పాత సిస్టమ్ నుంచి విడిపించాలి. ఆ తర్వాత కొత్త సిస్టమ్‌లో అదే సీరియల్ నంబరు, అదే మెయిల్‌తో యాక్టివేట్ చేసుకోవాలి. సరెండర్ చేయకుండా ఫార్మాట్ కొట్టడం మన ఊళ్లలో రోజూ జరిగే తప్పు. ఒకవేళ జరిగిపోతే, రిజిస్టరైన మెయిల్ మీ చేతిలో ఉంటే బయటపడతారు. అదీ లేకపోతే డీలర్ చుట్టూ, సపోర్టు చుట్టూ తిరగాల్సిందే, అదీ రిటర్నుల గడువు రోజుల్లో.

7. యాంటీవైరస్

డబ్బాలో వచ్చిన కార్డును గీకగానే ఫొటో తీయండి. ఆ వెండి పూతతో పాటు అక్షరాలూ పోయిన కార్డులు చాలా చూశాను. నాణెంతో మెల్లగా గీకాలి, గోరుతో వద్దు, బ్లేడుతో అసలే వద్దు.

షీటులో బిల్లు తేదీ, యాక్టివేట్ చేసిన తేదీ రెండూ రాయండి. సాధారణంగా సంవత్సరం లెక్క యాక్టివేషన్ నుంచి మొదలవుతుంది. మూడు సిస్టమ్స్ ప్యాక్ అయితే మొదటి సిస్టమ్‌లో వేసిన రోజు నుంచే అన్నింటికీ గడువు నడిచే పద్ధతి ఉంటుంది కాబట్టి మూడింట్లోనూ ఒకేరోజు వేయండి. ఫార్మాట్‌కి ముందు డీయాక్టివేట్ చేయాలా, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా అన్నది ఆ కంపెనీ మెనూలో చూసి షీటులో ఒక ముక్క రాసి పెట్టండి.

8. మిగతావి

అడోబీ లాంటి సబ్‌స్క్రిప్షన్లకు కీ ఉండదు, ఖాతా ఉంటుంది. ఎన్ని సిస్టమ్స్‌లో ఎక్కించినా ఒకేసారి రెండింట్లోనే లాగిన్ నిలుస్తుంది. మూడోదాంట్లో తెరిస్తే పాత ఒకదాంట్లోంచి బయటికి రమ్మంటుంది. డీటీపీ సెంటర్లలో "ఫొటోషాప్ మాటిమాటికీ లాగౌట్ అవుతోంది" అనే ఫిర్యాదుకి ఎక్కువగా కారణం ఇదే.

సబ్‌స్క్రిప్షన్ ఆటోపే మీద పూర్తిగా ఆధారపడకండి. ఒక్కసారికి 15,000 రూపాయలు దాటే ఆటోపేకి ఓటీపీ కావాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. సంవత్సరం మొత్తానికి కట్టేవి ఇక్కడే ఆగిపోతుంటాయి. గడువుకి 15 రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి.

డాంగిల్‌తో (పెన్‌డ్రైవ్‌లా యూఎస్‌బీ పోర్టులో గుచ్చేది) నడిచే సాఫ్ట్‌వేర్లు ఉంటే ఆ డాంగిలే లైసెన్సు. దానికీ సిస్టమ్ పేరుతో స్టిక్కర్ వేయండి. సీపీయూ ముందున్న పోర్టులో పెట్టకండి, కాలు తగిలి విరుగుతుంది. వెనక పోర్టులో పెట్టండి.

9. పూర్తి కీలను భద్రపరచడం

మంచి దారి పాస్‌వర్డ్ మేనేజర్. ఒక్కో లైసెన్సుకీ ఒక్కో ఎంట్రీ. అందులో పూర్తి కీ, ఖాతా పాస్‌వర్డ్, కొన్నచోటు. కీపాస్‌లో అయితే బిల్లు ఫొటోని కూడా అదే ఎంట్రీకి జత చేయొచ్చు.

అది కష్టమనిపిస్తే విడిగా ఒక ఎక్సెల్ ఫైలు చేసి, ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్‌లో "ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్" పెట్టండి. పక్కనే ఉండే "ప్రొటెక్ట్ షీట్" దీనికి బదులు కాదు. అది దిద్దకుండా ఆపుతుందే తప్ప చదవకుండా ఆపదు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు పాస్‌వర్డ్ మర్చిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు, కాబట్టి దాన్ని కాగితం మీద రాసి కవరులో పెట్టి బీరువాలో వేయండి.

ఎక్కడ దాచినా రెండో కాపీ ఉండాలి, అదీ వేరేచోట. లైసెన్సుల ఫైలు పీసీ01లోనే ఉండి, పీసీ01 హార్డ్ డిస్కే పోతే ఏం లాభం?

వాట్సాప్ గ్రూపులో కీ పెట్టడం మానేయండి. గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్ల ఫోన్లలోనూ ఆ మెసేజ్ ఉండిపోతుంది. మీ కీ ఇంకెవరి సిస్టమ్‌లోనో ఎక్కితే బ్లాక్ అయ్యేది మీకే.

10. బిల్లులు

షాపుల్లో ఇచ్చే థర్మల్ కాగితం బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. తెచ్చినరోజే ఫొటో తీసి, షీటులో రాసిన బిల్లు నంబరునే ఫైలు పేరుగా పెట్టండి. కంపెనీ సపోర్టుతో మాట్లాడేటప్పుడు మొదట అడిగేది ఇదే. బిల్లు ఫర్మ్ పేరు మీద, జీఎస్టీ నంబరుతో తీసుకుంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌కీ పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే విండోస్ ప్రో కీ అని కనిపిస్తుంటుంది. కొన్న రోజు యాక్టివేట్ అవుతుంది కూడా. వీటిలో చాలావరకు ఏదో సంస్థకు ఇచ్చిన వాల్యూమ్ కీని ముక్కలుగా అమ్మేవే. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసిన రోజు అమ్మినవాడు దొరకడు. లైసెన్సు పత్రం, సరైన బిల్లు ఇవ్వలేని చోట కొనకండి.

కీ కొట్టేటప్పుడు వచ్చే తప్పులు

విండోస్, ఆఫీస్ 25 అక్షరాల కీలలో ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే ఇంగ్లీషు అచ్చులు ఉండవు. 0, 1, 5 అంకెలూ ఉండవు. మీరు రాసుకున్నదాంట్లో సున్నా కనిపిస్తే అది క్యూ గానీ డీ గానీ అయివుంటుంది. ఇక బీకి, 8కి, అలాగే జీకి, 6కి మధ్య కంటితోనే తేల్చుకోవాలి. చెరిగిపోయిన స్టిక్కర్‌ని ఫొటో తీసి ఫోన్‌లో పెద్దది చేసి, కాంట్రాస్ట్ పెంచి చూడండి, చాలాసార్లు తెలిసిపోతుంది.

ఫోన్‌లో కీ చెప్పాల్సి వస్తే బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. "బీ ఫర్ బొంబాయి, డీ ఫర్ ఢిల్లీ" పద్ధతిలో చెప్పండి, అవతలివాళ్లని తిరిగి చదవమనండి.

కీ ఫైండర్ల గురించి: ప్రొడ్యూకీ అనే చిన్న ఉచిత టూల్ బోర్డులో ఉన్న విండోస్ కీని కూడా చూపిస్తుంది. దాన్ని తయారుచేసిన నిర్‌సాఫ్ట్ సైటు నుంచే దించుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్ల నుంచి వద్దు. యాంటీవైరస్ అడ్డుపడొచ్చు, కీలు చదివే టూల్ కాబట్టి అనుమానిస్తుంది. పని అవగానే టూల్‌ని తీసేయండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

మొదటి పరీక్ష షీటులోనే. చివరి 5 అక్షరాల కాలమ్ సెలెక్ట్ చేసి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో డూప్లికేట్ వాల్యూస్ నొక్కండి. ఒక్క సిస్టమ్‌కే అనుమతి ఉన్న లైసెన్సు రెండుచోట్ల ఎర్రగా కనిపిస్తే, తప్పుగా రాసి ఉండాలి లేదా నిజంగానే రెండుచోట్ల ఎక్కించి ఉండాలి. (విండోస్ జెనరిక్ కీలు ఎర్రగానే ఉంటాయి, వదిలేయండి.) మెయిల్ కాలమ్‌ని ఫిల్టర్ చేసి చూడండి: ఆఫీసు మెయిల్ కానివన్నీ మీరు ఇంకా మార్పించాల్సిన పనులే.

రెండోది, స్టాఫ్‌లో ఈ పని చేయని ఒకరిని పిలిచి, "పీసీ04 ఫార్మాట్ అయింది అనుకో, అన్నీ మళ్లీ ఎక్కించడానికి కావాల్సినవి తీసి చూపించు" అనండి. మీరు ఏమీ చెప్పకూడదు. అతను ఆగిన ప్రతిచోటా షీటులో ఏదో లోపం ఉంది.

మూడోది, ప్రతి ఖాతాలోకీ వేరే సిస్టమ్ నుంచి ఇన్‌కాగ్నిటో విండోలో లాగిన్ అయి చూడండి. బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌తో కాదు, మీరు దాచిన పాస్‌వర్డ్‌తో. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో కూడా అప్పుడే బయటపడుతుంది.

ఆ తర్వాత నిలబెట్టుకోవడానికి ఒక్క నియమం చాలు: సర్వీస్ కుర్రాడికి సిస్టమ్ ఇచ్చే ముందు షీటులో ఆ పేరుతో ఫిల్టర్ పెట్టి, సరెండర్, డీయాక్టివేట్ చేయాల్సినవి చేసి, అప్పుడే ఇవ్వాలి. తిరిగొచ్చాక విండోస్ ఎడిషన్ ఒకసారి చూసుకోండి. హోమ్ ఇచ్చి పంపితే ప్రో ఎక్కించి, క్రాక్ వేసి, "అప్‌గ్రేడ్ చేశాం" అని తెచ్చివ్వడం మామూలే. అలా వస్తే వెనక్కి పంపించి, మీ సొంత హోమ్ లైసెన్సుతోనే మళ్లీ వేయించుకోండి.

సిస్టమ్స్ 25 దాటితే షీటు చేయి జారుతుంది. అప్పుడు స్నైప్-ఐటీ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చూడండి. ఒక్కో లైసెన్సుకి ఎన్ని సీట్లు ఉన్నాయో, ఎన్ని ఖాళీయో, ఏది ఏ మెషీన్‌కి ఇచ్చారో అందులో నేరుగా కనిపిస్తుంది. సర్వర్‌లో ఎక్కించడానికి కాస్త తెలిసినవాళ్లు కావాలి. మీ షీటు ఇప్పుడే శుభ్రంగా ఉంటే అందులోని డేటాని సీఎస్‌వీ ఫైలుగా మార్చి నేరుగా దాంట్లోకి ఎక్కించుకోవచ్చు.